ఎటేపు చూడమంటారు?

పోయిన శుక్రవారం సాయంత్రం అతను ఫెర్రీ ఎక్కాడు. ఎక్కాడు అనడం వ్యాకరణానికి సరిపోతుంది గానీ, నిజానికి మేమే ఎక్కించాం. కింది డెక్కు మీద రెండు ఆటోలకీ ఒక సిమెంటు లారీకీ మధ్య అంబులెన్సు, అందులో అతను, దాని తలుపు పట్టుకుని నేను. పోర్ట్ బ్లెయిర్ నుంచి హార్బర్ దాటి హోప్ టౌన్ వైపు చేరడానికి పావుగంట. ఆ పావుగంట నీటిని తప్పించుకోవడానికి అతను పదేళ్ళకి పైగా రెండేసి గంటల రోడ్డు చుట్టు తిరిగాడు. హోప్ టౌన్‌లో పుట్టి, అక్కడే ఉంటూ, వారానికి మూడుసార్లు పోర్ట్ బ్లెయిర్ వచ్చిపోయే మనిషి ఫెర్రీ ఎక్కకపోవడమంటే, హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళడానికి ఊరంతా చుట్టి పెరటి గుమ్మంలోంచి రావడం లాంటిది.

ఒకసారి పేపరు వాళ్ళు అతన్ని 'ద్వీపాల కృత్రిమ మేధ పారిశ్రామికవేత్త' అని రాశారు. ఆ మాట కూడబలుక్కుని చదివేసరికి నాకు ఫెర్రీ దాటినంత సేపు పట్టింది. మా డిగ్నాబాద్ పేటలో అంత ఓపిక ఎవరికీ లేదు కనక 'కంప్యూటర్‌కి చదువు చెప్పే అబ్బాయి' అనేవారు. నన్ను మావయ్యా అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు. నాకు కూతుళ్ళు లేరు కాబట్టి ఆ పిలుపుకి భయపడాల్సిన అవసరమూ రాలేదు.

నేను ఓడ టిక్కెట్ల కౌంటర్లో గుమస్తాని. ముప్పై ఏళ్ళు ఇనుప జాలీ వెనక కూర్చుని జనాన్ని వైజాగ్‌కీ మద్రాసుకీ కలకత్తాకీ సముద్రం దాటించాను. నేను దాటింది మాత్రం రెండేసార్లు, వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. రెండుసార్లూ నా భోజనం నాకంటే ముందే సముద్రంలోకి దిగింది. కాబట్టి నీళ్ళంటే భయపడే మనిషిని చూసి నవ్వే హక్కు నాకు లేదు. అయినా నవ్వాను. అది ముందే ఒప్పుకుంటున్నాను.

మొదటిసారి అతను నా జాలీ ముందు నిలబడ్డది సముద్రం అడుగున కేబుల్ పడకముందు. అప్పట్లో మా ద్వీపాల్లో ఇంటర్నెట్ పైనున్న ఉపగ్రహం నుంచి చుక్కలు చుక్కలుగా కారేది. ఒక ఫొటో పంపి, టీ తాగి, ఇంకో టీ తాగి వచ్చేసరికి సగం ఫొటో వెళ్ళి ఉండేది. అతని చేతిలో తువ్వాలు చుట్టిన పెట్టె ఒకటి.

"మావయ్యా, ఈ ఓడలో వైజాగ్ ఎల్లేవోళ్ళల్లో మంచోళ్ళెవరైనా ఉన్నారా?"

"మంచోళ్ళో కాదో టిక్కెట్టు మీద రాయరు నాయనా. ఏముంది అందులో?"

"చేపలు."

నేను జాలీకి ముక్కు ఆనించి చూశాను. వాసన లేదు.

"ఫొటోలు మావయ్యా. హార్డ్ డిస్క్. నెట్‌లో పంపితే పండక్కి ఎల్తాది. ఎవరైనా పట్టుకెళ్ళి ఇత్తే, అక్కడ మా దోస్త్ ఒకడు ఓడ దగ్గరికొచ్చి తీసుకుంటాడు. పక్కా."

తండ్రి వల వేసేవాడు, కొడుకు నెట్టు వేశాడు, ఇద్దరి దాంట్లోనూ చిల్లులే ఎక్కువ. అతని మొదటి కంపెనీ ఫొటో చూసి చేప పేరు చెప్పే యంత్రం. దానికి చదువు చెప్పడానికి వాళ్ళమ్మ వంటింట్లోనే చేపల్ని పళ్ళాల్లో పెట్టి వేల ఫొటోలు తీశాడు. వంజరం ఎప్పుడూ నీలి అంచు పళ్ళెంలో, కవళ్ళు ఎప్పుడూ స్టీలు పళ్ళెంలో. పెట్టుబడి పెడతామన్న బెంగుళూరు పెద్దమనుషులు ఫోన్లో పరీక్ష పెట్టినప్పుడు ఖాళీ నీలి పళ్ళెం చూపిస్తే యంత్రం ఠకీమని 'వంజరం' అంది. అది చేపల్ని కాదు, పళ్ళాల్ని గుర్తుపట్టడం నేర్చుకుంది. "ఖాళీ పళ్ళెంలో వంజరం కనపడ్డం తప్పేం కాదు. నెలాఖర్లో నాకూ కనపడుతుంది" అని ఓదార్చాను. అతను కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఏది చెడినా ముందు కళ్ళద్దాలు తుడుచుకునేవాడు, చెడింది చూపే అన్నట్టు.

రెండో కంపెనీ కొబ్బరిచెట్ల ఫొటోలు చూసి కాయలు లెక్కపెట్టేది. దాన్ని గురించి మాట్లాడితే అతనికి కోపం వచ్చేది కాబట్టి ఇప్పుడు కూడా మాట్లాడను.

కంపెనీ మారినప్పుడల్లా బోర్డు మారేది. కుర్చీలు మాత్రం అవే మూడు. హోప్ టౌన్‌లో ఎండుచేపల షెడ్డు మీద ఒక గది, దానికి హార్బర్ మొత్తం కనపడే కిటికీ. అలాంటి కిటికీ అబర్డీన్ బజార్లో ఉంటే దాని చుట్టూ ఓ హోటలు కట్టేస్తారు. అతను బల్లని గోడవైపు తిప్పుకుని, కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాడు. నీళ్ళ మీద ఓడ కూత వేస్తే అతని భుజాలు చెవుల దాకా లేచేవి. కూత ఆగాక మెల్లగా దిగేవి.

అతన్ని మెయిన్‌లాండ్ వాళ్ళు పిలవకపోలేదు. పిలిచారు. ఒక్కసారి వచ్చి మా ఎదురుగా నిలబడి చూపించు, బాగుంటే ఇక్కడే ఉండి చెయ్యి, నీ వెనక మేం ఉంటాం అన్నారు. వెళ్తే కంపెనీ, వెళ్ళకపోతే మూడు కుర్చీలు. అతనికి వెళ్ళాలనే ఉండేది. నా దగ్గరే టిక్కెట్టు కొనేవాడు. బయల్దేరే ముందురోజు మళ్ళీ నా దగ్గరికే వచ్చి రద్దు చేసుకునేవాడు. రద్దు కాగితం మీద కారణం రాయాలి. మొదటిసారి 'వాతావరణం' అని రాశాడు. బయట ఆకాశం ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. రెండోసారి 'అమ్మకి జ్వరం'. ఆ అమ్మ ఆ పొద్దున్నే బజార్లో ఎండుచేపలు అమ్ముతూ నాకు కనపడింది. మూడోసారి కారణం గడి ఖాళీగా ఇచ్చాడు. నేనే 'వ్యక్తిగతం' అని నింపాను. నా సర్వీసులో ఇంకొకరి తరఫున రాసిన అబద్ధం అదొక్కటే అనుకున్నాను. నిజం అదే అని తర్వాత తెలిసింది.

"పోనీ విమానంలో పో, అల్లుడూ" అన్నాను ఒకసారి.

"విమానం కూడా నీళ్ళ మీంచే కదా మావయ్యా ఎల్తాది. కిందకి సూడకుండా ఉండగలనా?"

నాకు ఆ జవాబు తమాషాగా తోచింది. ఇంట్లో చెప్పి నవ్వించాను కూడా.

మూడో కంపెనీకి నన్ను కూడా లాగాడు. కేబుల్ వచ్చిన కొత్త. ఈసారి యంత్రం మాట్లాడుతుంది. డింగీల మీద, అంటే చిన్న మోటారు పడవల మీద, వేటకెళ్ళే మనవాళ్ళు బయల్దేరే ముందు ఫోన్లో దానితో నాలుగు మాటలు మాట్లాడతారు. అది ఆ రోజు గాలీ అలలూ ఎలా ఉన్నాయో చెబుతుంది, వాళ్ళు ఎక్కడికెళ్తున్నారో రాసుకుంటుంది. సాయంత్రానికి రాకపోతే ఎక్కడ వెతకాలో అందరికీ చెబుతుంది. సగం తెలుగు, సగం హిందీ, మధ్యలో ఇంగ్లీషు ముక్కలు, మా ద్వీపాల మాట ఏ పట్నపు యంత్రానికీ అర్థమయ్యేది కాదు. దీనికి అర్థమవుతుంది. ఏడాదిపాటు గట్టు మీద కూర్చుని అందరి మాటలూ రికార్డు చేసి నేర్పాడు.

"దానికి గొంతు కావాలి మావయ్యా. మైకులో మీరు నంబర్లు పిలుస్తారు కదా, ఆ గొంతంటే మన ఐలాండ్‌లో తెలీనోళ్ళు లేరు."

మా ఆవిడ విని, "ఒక్క ఇంట్లో ఉంటేనే భరించలేకపోతున్నాం. ఇంక అందరి ఇళ్ళకీనా?" అంది. అయినా నేను పొంగిపోయాను. నాలుగు రోజులు అతని గదిలో కూర్చుని అతను రాసిచ్చినవన్నీ చదివాను. యంత్రం వేసే మొదటి ప్రశ్న కూడా నేనే చదివాను. చదివేటప్పుడు ఏదో గొంతుకి అడ్డం పడ్డట్టయింది. దగ్గి, మళ్ళీ చదివాను. నా బుద్ధి ఆ దగ్గు దాకా వచ్చి ఆగిపోయింది.

మొదటిరోజు చూద్దామని తెల్లారగానే ఫెర్రీ మీద హోప్ టౌన్ వెళ్ళాను. గట్టు మీద డింగీలు బయల్దేరుతున్నాయి. ఒక డింగీ ఆసామి ఫోను నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఫోన్లోంచి నా గొంతు, మైకులో పిలిచినంత స్పష్టంగా, "నమస్తే. ఎక్కడికి వెళ్తున్నారు?" అంది.

ఆసామి ఫోను వేడి గిన్నెలా ఇసకలో పడేసి, కట్టిన తాడు అలాగే వదిలేసి, గట్టు మీద కూలబడ్డాడు.

చదివేవాళ్ళకి తెలియకపోవచ్చు. మా వాళ్ళలో సముద్రం మీదకి బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడగరు. అడిగితే వెళ్ళిన పని కాదని, ఒక్కోసారి వెళ్ళిన మనిషే రాడని భయం. పొరపాటున ఎవరైనా అడిగితే కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, అప్పుడు కొత్తగా బయల్దేరాలి. ఆ పొద్దున పదిహేను నిమిషాల్లో హోప్ టౌన్ గట్టు మీద డింగీల వాళ్ళందరూ వరసగా కూర్చుని నీళ్ళు తాగుతున్నారు. పెళ్ళి బంతిలా ఉంది.

"మిషన్ అడిగింది భయ్యా, మనిషి కాదు" అని మా కంప్యూటర్ అబ్బాయి ఒక్కొక్కరి ముందూ బతిమాలుతున్నాడు.

"మిషనైతే మాత్రం? అడిగింది అడిగింది కాదేటి?" అన్నాడు ఆసామి.

"ఏమైందండీ?" అంటూ నేను దగ్గరికి వెళ్ళాను. నోరు తెరవకుండా ఉండాల్సింది.

ఆసామి తల తిప్పి నన్ను పైనుంచి కిందకి చూశాడు. "ఇదే గొంతు. ఈ ముసిలాయనేరా అడిగింది."

ఆ తర్వాత చాలా వారాలు నేను ఆ గట్టు మీద కనపడితే చాలు, మనుషులు చెంబు కోసం వెతుక్కునేవాళ్ళు. కొందరు తెలివిగా యంత్రానికి అబద్ధం చెప్పడం మొదలుపెట్టారు. దక్షిణానికి వెళ్ళేవాడు ఉత్తరం అనేవాడు. ఒకాయన 'ఢిల్లీ' అన్నాడు. యంత్రం వినయంగా రాసుకుంది, ఒక డింగీ, ఇద్దరు మనుషులు, ఢిల్లీ.

ఆ రోజు గదిలో నేను ఊరుకోలేక అన్నాను. "నువ్వు పుట్టిన గట్టే కదా ఇది. అడక్కూడదని నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి?"

చాలాసేపు కళ్ళద్దాలు తుడిచాడు. "మా అన్నని ఎవరూ అడగలేదు మావయ్యా. అందుకే ఎక్కడ ఎతకాలో ఎవరికీ తెలీలేదు. ఆరు రోజులు అన్ని ఏపులా ఎతికారు. డింగీ కూడా దొరకలేదు." గోడతోనే మాట్లాడుతున్నాడు. "ఆ పొద్దున నేను గట్టు మీదే ఉన్నాను. పిట్టగోడ ఎక్కి, ఫోను పైకెత్తి సిగ్నల్ కోసం సూత్తన్నాను. అన్న తాడు విప్పి, చేత్తో పట్టుకుని, నా ఏపు తిరిగి కాసేపు నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఇప్పటికీ తెలీదు. అప్పుడే నాకు సిగ్నల్ వచ్చింది."

అన్నేళ్ళుగా అతను ఫెర్రీ ఎందుకు ఎక్కలేదో, నా జాలీ ముందు మూడు కాగితాలు ఎందుకు నింపాడో అప్పుడు తెలిసింది నాకు. ఇంట్లో చెప్పి నవ్వించిన జవాబు గుర్తొచ్చి మంచినీళ్ళు అడిగి తాగాను. నాకూ కొత్తగా బయల్దేరాలనిపించింది.

కింద షెడ్డు ముందు వాళ్ళమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. వెళ్తూ వెళ్తూ, ఊరికే ఏదో మాట్లాడాలి కాబట్టి, "మీవాడి మిషను మన ఆచారంతో తగువు పెట్టుకుందమ్మా" అన్నాను. అతను నా వెనకే మెట్ల మీద నిలబడ్డాడు.

"ఆచారం తప్పేటున్నాది అన్నయ్యా? అడగడం రాక గానీ" అంది ఆవిడ తలెత్తకుండా. "బయటోళ్ళు అడక్కూడదు. ఇంటోళ్ళు అడగాల. ఎక్కడికెల్తన్నావని కాదు, ఎల్లడం గురించి ఎవులూ అడక్కూడదు. రావడం గురించి అడుగుతాం. 'ఎటేపు సూడమంటావు' అంటాం. అటేపు సూడు అంటాడు. సాయంత్రం అటేపే సూత్తాం. సెప్పినోడు అటేపు నుంచే రావాల, అది మాట. ఈళ్ళ నాన్నని రోజూ ఈడి ముందే అడిగేదాన్ని. ఈడి సెవుల్లో ఎప్పుడూ ఆ వైర్లుండేవి."

"మరి పెద్దబ్బాయిని?"

"ఆ రోజు నేనిక్కడ లేను కదా. ఈళ్ళ నాన్నకి బాగోక పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో ఉన్నాను." ఒక చేపని తిప్పి పెట్టింది. "ఇంట్లో ఆడోళ్ళు లేకపోతే గట్టు మీద తమ్ముడో కొడుకో అడుగుతాడు. మగోళ్ళు నోరిడిచి అడగమనరు. తాడు పట్టుకుని కాసేపు నిలబడతారంతే."

ఆవిడ ఇంకో చేప తిప్పింది. పిట్టగోడ సంగతి ఆవిడకి తెలియదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. అతను పైకి వెళ్ళి తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

రెండు వారాలకి యంత్రం ప్రశ్న మారింది. నా ఉద్యోగం సగం పోయింది. గాలీ వానా చెప్పడానికి నా గొంతు ఉంచి, అడగడానికి వాళ్ళమ్మ గొంతు పెట్టాడు. "ఎటేపు సూడమంటావు, బాబూ?" అని ఫోన్లోంచి ఆవిడ అడిగితే, పొద్దున్నే ఎవరితోనూ పొసగని ఆ ఆసామి కూడా "లైట్‌హౌస్ ఏపు సూడమ్మా" అని మర్యాదగా జవాబిచ్చాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పడం మా వాళ్ళకి రాదు. ఆ వానాకాలంలో ఇంజన్ ఆగిపోయి ఒక డింగీ రాకపోతే, చెప్పిన వైపే వెళ్ళిన పడవలు చీకటి పడకముందే ఇద్దరినీ తాడు కట్టి లాక్కొచ్చాయి. గట్టంతా అతన్ని ఎత్తుకోవడానికి వెతికింది. అతను గదిలో గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"ఇంక వెళ్ళొచ్చు కదా నాయనా" అన్నాను. మెయిన్‌లాండ్ వాళ్ళు మళ్ళీ పిలుస్తున్నారు.

నాలుగో టిక్కెట్టు కొన్నాడు. నాలుగో కాగితం తెచ్చాడు. కారణం గడిలో ఈసారి అతనే, తెలుగులో, స్కూలు పిల్లాడి అక్షరాలతో రాశాడు. 'నా వల్ల కావట్లేదు.' నా పై అధికారికి తెలుగు రాదు. నేను 'వ్యక్తిగతం' అని తర్జుమా చేసి పంపాను.

తర్వాత నేను రిటైరయ్యాను. జాలీ వెనక నుంచి జాలీ బయటికి వచ్చాను, అదే తేడా. సాయంత్రాలు ఫెర్రీ జెట్టీ దగ్గర కూర్చోవడం మరిగాను. అక్కడ గేటు లోపల నేల మీద పసుపు గీత ఒకటి ఉంటుంది, పడవ ఆగే దాకా దాటవద్దని. పోర్ట్ బ్లెయిర్ వచ్చినప్పుడల్లా అతను బస్సు టైముకి ముందు ఆ గీత దాకా వచ్చి నిలబడేవాడు. ఫెర్రీ వచ్చేది, నిండేది, వెళ్ళిపోయేది. చెమటతో చొక్కా వీపుకి అంటుకునేది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చునేవాడు.

"ఇవాళ బూటు ముక్కు గీత మీద పెట్టాను మావయ్యా. సూశారా?"

"చూశాను."

"ఒక్క మినిట్ ఉంచాను."

నెలకో అంగుళం చొప్పున అతను సముద్రం దాటుతున్నాడు. నేనూ వాళ్ళమ్మా ఇద్దరం దాన్ని లెక్కపెడుతున్నామని అతనికి తెలుసు. పొద్దున్న బస్సెక్కేటప్పుడు ఆవిడ అందరు కొడుకుల తల్లుల్లాగే అడిగేది, ఎటేపు సూడమంటావు అని. "నాకేటమ్మా, రోడ్డేపే" అని నవ్వేవాడట.

పోయిన శుక్రవారం నాకు ఒంట్లో నలతగా ఉండి జెట్టీకి వెళ్ళలేదు. ఫోను వస్తే వెళ్ళాను. అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్ళారు, అక్కడ చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. గుండె అన్నారు. ఎక్కడ పడిపోయాడని టిక్కెట్లిచ్చే కుర్రాణ్ణి అడిగాను.

"పడిపోలేదు అంకుల్, కూర్చునే ఉన్నారు. ఆ బెంచీ మీద."

ఆ కుర్రాడు చూపించిన బెంచీ గీతకి అవతల ఉంది. నీళ్ళ వైపు. మధ్యాహ్నం నుంచి మూడు ఫెర్రీలు వెళ్ళేదాకా అలా కూర్చునే ఉన్నాడట. చొక్కా జేబులో టిక్కెట్టు ఉంది. నాలుగో ఫెర్రీ ఎక్కేవాడో, లేచి బస్సు దగ్గరికి వెళ్ళేవాడో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు టిక్కెట్లు అమ్మిన వాడిగా ఒకటి మాత్రం చెప్పగలను. ఫెర్రీ టిక్కెట్టుకి రద్దు కాగితం ఉండదు.

అంబులెన్సు తలుపు పట్టుకుని, అవతలి జెట్టీ దగ్గర పడుతుంటే చూశాను. గట్టు మీద జనం లేరు. ఎవరికీ ఇంకా సరిగ్గా తెలియదు. రేకుల షెడ్డు కింద ఒక్క మనిషి, చెంగు నెత్తిన వేసుకుని, మా వైపే చూస్తూ నిలబడి ఉంది. ఎలా చెప్పాలో దారంతా కూడబలుక్కున్న మాటలు నా గొంతులోనే ఉండిపోయాయి. అందరికీ తెలిసిన గొంతు.

ఆవిడ అంబులెన్సు వైపు చూసింది, నా వైపు చూసింది. ఏమీ అడగలేదు.

"పొద్దున అడిగితే, ఇవాళ జెట్టీ ఏపు సూడమ్మా అన్నాడన్నయ్యా" అంది. "అందుకే మజ్జానం నుంచీ ఇక్కడే ఉన్నాను."